పొలం పని చేసేవోడికి కసరత్తు ఎందుకు? కోడి రామ్మూర్తి గారి నుంచి కొండవెలగాడ దాకా



మొన్న దండీలు, బస్కీల గురించి నాలుగు ముక్కలు రాస్తే ఒక బావగారు అడిగారు: "పొద్దస్తమానం పొలంలో చాకిరీ చేసేవోడికి మళ్ళీ ఈ కసరత్తులేటి? పనీపాటా లేని టౌనోళ్ళకి గానీ." నవ్వొచ్చింది గానీ ప్రశ్న మంచిది. ఇది మన తాతలకీ ఎదురై ఉండాల్సిన ప్రశ్నే. నాగలి దున్ని, ఏతం తొక్కి, కావిడి మోసి ఇంటికొచ్చిన మనుషులు సాయంత్రం మళ్ళీ గరిడీకి ఎందుకెళ్ళేవారు? రావిచెట్టు కింద సంగిడి రాయి పెట్టుకుని పండగకి పండగకి దాంతో ఎందుకు కుస్తీ పట్టేవారు? ఒళ్ళు అలిసిపోలేదా? జవాబు వెతుక్కుంటూ పోతే మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల చరిత్ర కొంత బయటికొస్తాది. పోస్టు కాస్త పెద్దది. పనులు అయ్యాక తీరిగ్గా చదవండి.

ముందు, పాత రోజుల్లో పని ఎంతుండేదో ఒక లెక్క వేద్దాం. నాటు నాగలి చాలు వెడల్పు అరడుగు అనుకోండి. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. అరడుగు చాలుతో ఎకరా మొత్తం ఒకసారి దున్నాలంటే ఎడ్ల వెనకాల సుమారు 27 కిలోమీటర్లు నడవాలి. కావలిస్తే మీ పిల్లల చేత లెక్క కట్టించండి. అదీ రోడ్డు మీద కాదు, బురదలో, మేడి నొక్కి పట్టుకుని. అదీ ఒక్క దుక్కికే. వరికి రెండు మూడు సార్లు దున్ని, దమ్ము పట్టి, ఆ తరవాత ఉబాలు. ఎకరా ఒక్కరోజులో అయ్యేది కాదు గానీ మూడెకరాల రైతు ఒక్క కారులో ఎడ్ల వెనక నడిచింది రెండు వందల కిలోమీటర్లు దాటిపోతాది.

ఏతం సంగతి ఇప్పటి కుర్రాళ్ళకి తెలీదు. బావి గట్టున నిలువు కర్ర, దాని మీద పొడుగాటి అడ్డ దూలం. ఒకడు ఆ దూలం మీద ముందుకీ వెనక్కీ నడుస్తుంటే దూలం లేస్తూ దిగుతూ ఉంటాది, కిందున్నవాడు బాన ముంచి నీళ్ళు కాలవలో పోస్తాడు. పట్టుకోడానికి ఏమీ ఉండదు. కాలు జారితే బావిలోకే. గంటల తరబడి ఇదే నడక. లెక్క తప్పకుండా, ఊపిరి తప్పకుండా పాట కట్టుకునేవారు. ఏతం పాటలంటే అవే. పాటలో అంకెలు ఒకటి నుంచి మొదలై పైకి పోతుంటాయి, ఎన్ని బానలు తోడారో పాటే చెప్పేస్తాది. ఆడవాళ్ళ సంగతి వేరే చెప్పాలా? తెల్లారకట్ట రోకలి, తిరగలి, నూతి నుంచి రెండేసి బిందెలు. అనంతగిరి వైపు కొండల మీంచి నెత్తిన కట్టెల మోపుతో మన సంతకి దిగొచ్చిన గిరిజన అమ్మల్ని చూసినవాళ్ళు ఇంకా మనలో చాలామంది ఉన్నారు. ఆ మెడ, ఆ నడక చూస్తే ఏ జిమ్ము మాస్టారైనా దండం పెట్టాల్సిందే.

మరి ఇంత పని ఉండగా కసరత్తు ఎందుకయ్యా అంటే, కారణం పనిలోనే ఉంది. పొలం పని ఒళ్ళంతటినీ సమానంగా చూడదు. మేడి పట్టే చెయ్యి ఒకటే, అటువైపే ఒరుగు. కావిడి మోసేవాడి భుజం ఒకటి కాయ కాసి ఉంటాది. ఉబాల్లో రోజంతా వంగుడే, వెనక్కి విరిచేది ఎప్పుడూ లేదు. పైగా పనికి కావలసింది పని అయిపోవడం. ఒంట్లో ఓపిక ఉన్నా లేకపోయినా కుప్ప వెయ్యాలి, వానొచ్చేలోపు ధాన్యం ఎత్తాలి. కసరత్తు అలాక్కాదు. ఈరోజు ఇరవై దండీలు, ఒళ్ళు ఒప్పుకుంటే రేపు ఇరవై ఒకటి, జ్వరమొస్తే మానేస్తావు. ఒళ్ళు పెరిగేకొద్దీ బరువు పెంచుకుంటావు. పొలం పనిలో ఈ వెసులుబాటు లేదు. అందుకే జీవితమంతా బరువులు మోసినా నలభై ఏళ్ళకే నడుం వంగిన పెద్దలున్నారు, అదే ఊళ్ళో అరవై దాటినా సాము తిప్పిన పెద్దలూ ఉన్నారు. పని తేడా కాదది.

ఇక గరిడీ. మనవైపు సాము గరిడీలంటే కర్ర, కత్తి తిప్పడం, కుస్తీ, దండీలు, బస్కీలు అన్నీ కలిపి. కొన్ని ఊళ్ళల్లో తాలింఖానా అనేవారు. దీని వేరు యుద్ధాల్లో ఉంది. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం. 1794 జులై 10న పద్మనాభం యుద్ధం, అందులోనే విజయనగరం చిన్న విజయరామరాజు కంపెనీ సైన్యం చేతిలో చనిపోయారు. పద్మనాభం మనకేం దూరం? ఆ రోజుల్లో రాజుకి, జమీందారుకి, పాలెగాడికి కూడా కర్రా కత్తీ పట్టే మనుషులు కావాలి. ఆ మనుషులు ఎక్కణ్ణుంచి వచ్చారు? మన ఊళ్ళ నుంచే, నాగలి పట్టిన కులాల నుంచే. 1802లో కంపెనీ వాళ్ళ పర్మనెంటు సెటిల్‌మెంటు వచ్చాక జమీందారుకి మిగిలింది శిస్తు వసూలే, సైన్యంతో పని లేదు. సైన్యం పోయింది గానీ గరిడీ పోలేదు. అది పండగలోకి వచ్చి కూర్చుంది. పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవంలో పులివేషాలతోపాటు సాము గరిడీలు చూస్తుంటాం కదా, అందులో ఆ పాత పటాలాల ఛాయ ఉందని నా అభిప్రాయం. కొట్టుకోడానికి నేర్చుకున్నది ఆడుకోడానికి మిగిలింది.

సంగిడి మాత్రం అచ్చంగా రైతు ఆట. దానికి గురువు అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు, ఖర్చు లేదు. ఒక్కో ఊళ్ళో ఒక్కో తీరు, ఒక్కో బరువు. రాయి అక్కడే పడుంటాది. సంక్రాంతికో అమ్మవారి పండక్కో దాన్ని ఎత్తిన కుర్రాడికి పేరు. దాంతోపాటు ఉలవల బస్తా ఎత్తడం కూడా పోటీయే. అన్నిట్లోకీ ఉలవల బస్తాయే ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? ఉలవలు సన్నం, నున్నం. బస్తాలో జారిపోతుంటాయి, పట్టు చిక్కదు. ధాన్యం బస్తా ఎత్తినవాడు అదే బరువు ఉలవల బస్తా దగ్గర తడబడతాడు. ఇది పెట్టినవాడు ఎవడో గానీ గట్టోడు.

ఈ నేల నుంచి వచ్చినవారే కోడి రామ్మూర్తి నాయుడు గారు. పేరు అందరికీ తెలుసు. శ్రీకాకుళంలో స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. విశాఖ బీచి రోడ్డులో విగ్రహం ఉంది. రొమ్ము మీద ఏనుగుని ఎక్కించుకున్నాడు, కార్లు ఆపేశాడు, గొలుసులు తెంచేశాడు అని చిన్నప్పుడు అందరం విన్నాం. ఆ మాటలు చెప్పి మన పెద్దలు ఒక పెద్ద మాట వదిలేశారనిపిస్తాది నాకు. అదేటో చెప్తాను.

ఆయనది వీరఘట్టం. అప్పట్లో విశాఖ జిల్లా, నిన్నటిదాకా శ్రీకాకుళం, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. 1880ల తొలినాళ్ళలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లి పోయింది. తండ్రి వెంకన్న నాయుడు గారు కుర్రాణ్ణి విజయనగరంలో ఉన్న తమ్ముడు నారాయణస్వామి గారి దగ్గరికి పంపారు. ఆయన పోలీసు శాఖలో పని చేసేవారు. కుర్రాడికి చదువు మీద కన్నా కసరత్తు మీద మనసు. ఆ పినతండ్రి తిట్టి కూర్చోబెట్టకుండా మద్రాసు దగ్గర సైదాపేటకి పంపించి వ్యాయామ శిక్షణ ఇప్పించారు. అక్కడ సర్టిఫికెట్టు తెచ్చుకుని తిరిగొచ్చి రామ్మూర్తి గారు విజయనగరంలోనే స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేరారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ప్రపంచం మెచ్చిన మల్లుడు మొదట చేసిన ఉద్యోగం పిల్లల చేత కసరత్తు చేయించడం. అదే రోజుల్లో అదే విజయనగరంలో గురజాడ అప్పారావు గారు ఉన్నారు. దేశభక్తి గేయంలో కండనీ తిండినీ దేశాన్నీ ఒకేచోట కలిపి పాడిన మనిషి. ఒకాయన పాటలో చెప్పింది ఇంకొకాయన మైదానంలో చేయిస్తున్నట్టుంది.

తరవాత పొట్టి పంతులు గారి సాయంతో సర్కస్ కంపెనీ పెట్టారు. దేశమంతా తిరిగారు. పుణెలో తిలక్ గారు ఆయన్ని ఎంతో ఆదరించి, మల్లమార్తాండ అని మెచ్చుకున్నారంటారు. వైస్రాయి మింటో ఎక్కిన కారుకి గొలుసు కట్టి పట్టుకుంటే కారు అంగుళం కదల్లేదని చెప్తారు. లండన్‌లో ఐదో జార్జి రాజు, మేరీ రాణి ముందు ప్రదర్శన ఇచ్చారు, ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నారు. మనవాళ్ళు కలియుగ భీముడు అన్నారు. స్పెయిన్‌లో పోట్ల గిత్తని కొమ్ములు పట్టి పడేశారని కూడా ఒక కథ ఉంది. మనం కోడెలతో బతికేవాళ్ళం కాబట్టి ఈ కథ దగ్గర మాత్రం నేను కాస్త నవ్వుకుంటాను. కొమ్ము పట్టడం చేతకాకపోతే ఎంత కండ ఉన్నా ఏం లాభం? ఒకవేళ నిజంగా పట్టి ఉంటే అది సర్కస్‌లో నేర్చిన విద్య కాదు, వీరఘట్టం పశువుల సంతలో నేర్చింది అయి ఉండాలి!

ఏనుగు సంగతికొస్తే, దానికో పద్ధతి ఉంది. రొమ్ము మీద చెక్క పలక పెట్టి దాని మీదికి ఏనుగుని ఎక్కించేవారు. పలక వల్ల బరువు ఒకచోట దిగబడకుండా పంచుకుంటాది. దమ్ము చేసినప్పుడు బురదలో పలక వేసుకుంటే కాలు దిగబడదు కదా, అదే సూత్రం. అయినా ఏనుగు ఏనుగే. కింద ఉన్న మనిషి ఊపిరి బిగబట్టి ఛాతీని బండలా చెయ్యకపోతే ఎముకలు మిగలవు. ఇక్కడే మనవాళ్ళు వదిలేసిన మాట ఉంది. ఆ ఊపిరి ఆయనకి ఒక్కరోజులో రాలేదు. దండీలు, బస్కీలు, ప్రాణాయామం, ఈ మూడే ఆయన రోజువారీ సాధన. ఏ విదేశీ యంత్రమూ కాదు. 1905 ప్రాంతంలో యూజిన్ శాండో అనే జర్మనీ బలశాలి మన దేశం వచ్చి తిరిగి వెళ్ళాక డంబెల్స్, స్ప్రింగులు ఊరూరా ఫ్యాషనయిపోయాయి. ఆ గాలిలో కూడా రామ్మూర్తి గారు మన గరిడీ కసరత్తునే నమ్ముకున్నారు. తిండి కూడా శాకాహారమే. జనం చూసింది ఏనుగు నిలబడ్డ ఆ కొద్ది నిమిషాలు. దాని వెనకాల ఇరవై ఏళ్ళ పొద్దుపొడుపులున్నాయి, వాటికి టిక్కెట్టు కొన్నవాడు లేడు.

ఆయన చివరి రోజులు చదివితే బాధేస్తాది. సంపాదించింది చాలామట్టుకు దానధర్మాలకి ఇచ్చేశారు. కాలికి పుండు లేచి ముదిరితే కాలు తీసేయాల్సి వచ్చింది. మత్తు మందు లేకుండా ఊపిరి బిగబట్టి కోయించుకున్నారని చెప్తారు. 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, ఒడిశాలోని బలంగీర్‌లో కన్ను మూశారు. మన పండగ మైదానాల్లో సంగిడీలు లేచే రోజులవి.

రోజుకి కాస్త పెంచుకుంటూ పోవడం అనే ఈ పద్ధతి మనదొక్కటే కాదు. రెండున్నర వేల ఏళ్ళ కిందట గ్రీకుల కాలంలో క్రోటన్ అనే ఊళ్ళో మైలో అనే మల్లుడు ఉండేవాడు. ఒలింపిక్ కుస్తీలో ఆరుసార్లు గెలిచాడు. ఆయన గురించి ఒక కథ చెప్తారు. ఇంట్లో పుట్టిన లేగదూడని రోజూ భుజానికెత్తుకునేవాడట. దూడ రోజూ కాస్త పెరిగేది, ఈయన బలమూ కాస్త పెరిగేది. చివరికి పెద్ద ఎద్దయ్యాక కూడా ఎత్తుకున్నాడట. ఎద్దుని ఎత్తడం సంగతి మనకి వదిలేయండి, దూడ పెంచిన ఎవడికైనా ఆ ఊహ నచ్చుతాది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో, షికాగోలోని సైనికాసుపత్రిలో థామస్ డెలార్మ్ అనే డాక్టరు ఇదే సంగతిని శాస్త్రంగా నిలబెట్టాడు. మోకాళ్ళు పాడైన సైనికులకి అప్పటిదాకా తేలిక కదలికలే చేయించేవారు. ఈయన బరువు కట్టి, పదేసి సార్లు ఎత్తించి, ఒళ్ళు ఒప్పుకున్నకొద్దీ బరువు పెంచుకుంటూ పోయాడు. కాళ్ళు తొందరగా కోలుకున్నాయి. 1945లో ఆ సంగతి వైద్య పత్రికలో రాశాడు. తరవాత దాన్ని ఇంకాస్త సులువు చేశారు: పదిసార్లు ఎత్తగలిగే గరిష్ట బరువు ఎంతో చూసుకో, ముందు అందులో సగంతో పదిసార్లు, తరవాత ముప్పాతికతో పదిసార్లు, ఆఖర్న పూర్తి బరువుతో పదిసార్లు. ఈరోజు ప్రపంచంలో ప్రతి జిమ్ములోనూ ఏదో రూపంలో ఈ లెక్కే నడుస్తోంది.

మనవైపు ఈ లెక్కకి మెడల్ తెచ్చిన ఆడపిల్ల కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట. తండ్రి రైల్వే రక్షణ దళంలో కానిస్టేబులు. నీలంశెట్టి అప్పన్న గారు గురువు. పన్నెండేళ్ళ వయసులో మొదలుపెట్టింది. 1994, 1995 వరసగా రెండేళ్ళు ప్రపంచ విజేత. 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్, 69 కిలోల విభాగం. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. కంచు పతకం. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. బంగారం, వెండి తెచ్చుకున్న ఇద్దరూ ఎత్తింది 242.5. ఆఖరి సారి ఆవిడ 137.5కి ప్రయత్నించింది, పడలేదు. తేడా రెండున్నర కిలోలు. ఆ రోజుల్లో బార్ మీద బరువు పెంచే మెట్టు కూడా అదే, రెండున్నర కిలోలు. మన లెక్కలో చెప్పాలంటే ఒక అడ్డెడు బియ్యం బరువు దగ్గర బంగారం ఆగిపోయింది. రోజూ ఒక్కో దండీ పెంచుకుంటే ఏమొస్తాదిలే అనేవాళ్ళకి నేను ఈ సంగతే చెప్తుంటాను.

మన విజయనగరం జిల్లాలో నెల్లిమర్ల మండలం కొండవెలగాడ పేరు పేపర్లో చూసే ఉంటారు. చిన్న వ్యవసాయ గ్రామం. అక్కణ్ణుంచి వచ్చిన లిఫ్టర్లు రాష్ట్రానికీ దేశానికీ ఆడారు. 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో 56 కిలోల విభాగంలో వల్లూరి శ్రీనివాసరావు కంచు తెచ్చాడు. 2014 గ్లాస్గోలో మత్స సంతోషి 53 కిలోల విభాగంలో 188 కిలోలు ఎత్తి కంచు తెచ్చింది. మొదటి స్థానంలో వచ్చిన నైజీరియా అమ్మాయి మందులు వాడినట్టు తేలడంతో అది వెండి అయింది. ఒకే ఊళ్ళో ఇంతమంది ఎలా వచ్చారని అడిగితే నేల మహిమ అంటారు కొందరు. నేల మహిమ అయితే పక్క ఊళ్ళోనూ ఉండాలి కదా! నాకు తోచింది ఒకటే. ఆ ఊళ్ళో ఒక బార్ ఉంది, దాని దగ్గర రోజూ ఎవరో ఒకరు ఉన్నారు. పెద్దోడు ఎత్తుతుంటే చిన్నోడు చూశాడు. అన్నని చూసి చెల్లి వచ్చింది. పాత రోజుల్లో రావిచెట్టు కింద జరిగింది అదే.

ఇప్పుడు మన సంగతికొద్దాం. చెప్పడానికి మొహమాటంగానే ఉంది గానీ చెప్పాలి. 27 కిలోమీటర్లు నడిచిన ఎకరా ఇప్పుడు ట్రాక్టరు సీటులో గంటన్నరలో అయిపోతోంది. ఏతం పోయి మోటారు వచ్చింది, సెల్ ఫోన్లో బటన్ నొక్కితే నీరొస్తాది. నూర్పులు మిషనువి. పొలం వెళ్ళడానికి బండి. నాకు వీటి మీద కోపం లేదు. మళ్ళీ ఏతం తొక్కమంటే నేనే తొక్కను. కానీ 1953లో లండన్‌లో జెరెమీ మోరిస్ అనే డాక్టరు ఒక సంగతి బయటపెట్టాడు. అక్కడ రెండంతస్తుల బస్సులు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకి 500 మెట్లకి పైనే ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకేలాంటి ఇల్లు, దాదాపు ఒకే జీతం. గుండె జబ్బు మాత్రం కండక్టర్లలో డ్రైవర్లలో కన్నా తక్కువ. మన తాతలు కండక్టర్లు. మనం డ్రైవర్ల సీట్లోకి మారాం. కంచం మాత్రం తాతల కంచమే, పైగా చోడి అంబలి, గంటి అన్నం పోయి మూడు పూటలా పాలిష్ బియ్యం. ఊళ్ళో షుగరు మాత్రలు, బీపీ మాత్రలు లేని ఇల్లు ఎన్నున్నాయో మీరే లెక్కపెట్టండి.

యూరియా బస్తా 2018 నుంచి 50 కిలోలు కాస్తా 45 అయింది. దాన్ని ఎత్తి బండి మీద వేస్తూ ఇంకా దమ్ముందిరా అనుకుంటున్నాం. తగ్గింది బస్తా!

కుర్రాళ్ళు పరవాలేదనుకుంటే అక్కడా ఒక చిక్కుంది. తెల్లవారుజామున అరకు రోడ్డు మీద పరిగెత్తే గుంటల్ని చూస్తుంటాం కదా, ఆర్మీ ర్యాలీ కోసం. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో పరిగెత్తితే పూర్తి మార్కులు, పది పుల్లప్పులు తీస్తే పూర్తి మార్కులు. రెండు మూడేళ్ళు ప్రాణం పెట్టి చేస్తారు. సెలక్టయితే సంతోషం. కాకపోతే వయసు దాటిన మర్నాటి నుంచి పరుగూ లేదు, పుల్లప్పూ లేదు. ముప్పై దాటేసరికి పొట్ట. గరిడీకి ఎవడూ ఉద్యోగం కోసం వెళ్ళలేదు, అందుకే ముసలాళ్ళయ్యేదాకా వెళ్ళారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క: పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు ఊపిరి కాస్త వేగంగా ఆడేలా నడకో ఇంకో పనో, దాంతోపాటు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే కసరత్తు. మొదటిది మనలో కొందరికి ఇప్పటికీ పొలంలోనే సరిపోతాది. రెండోదే లోటు. దానికి జిమ్ము అక్కర్లేదు. పాత యూరియా సంచీలో పది కిలోల ఇసక పొయ్యండి. గుండెలకి ఆనించి పట్టుకుని పది బస్కీలు. నేల మీద దండీలు రాకపోతే మంచం పట్టె మీదో గోడ మీదో చేతులు ఆనించి చెయ్యండి. ఉబాల రోజుల్లో నడుం వెనక్కి విరిచే కసరత్తు ఒకటి చేర్చుకోండి, బోర్లా పడుకుని తల, ఛాతీ పైకెత్తడం చాలు. వారానికి రెండు మూడు రోజులు. పదిసార్లు సులువయ్యాక సంచీలో ఇంకో డబ్బా ఇసక. నూర్పుల రోజుల్లో మానేయండి, ఆ వారం బస్తాలే కసరత్తు. ఒక్క జాగ్రత్త: ఊపిరి బిగబట్టి బరువు ఎత్తొద్దు. రామ్మూర్తి గారు చేశారు కదా అనొద్దు, ఆయనది జీవితకాలం సాధన. ఊపిరి బిగబట్టి ఎత్తితే బీపీ ఒక్కసారిగా లేస్తాది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టండి. ఇంట్లో ఆడవాళ్ళకి కూడా ఇదే చెప్పండి. రోకలి, తిరగలి పోయాక వాళ్ళ భుజాలకీ పని పోయింది, మోకాళ్ళ నొప్పులు మాత్రం వచ్చాయి.

ఇక సంగిడి రాళ్ళ సంగతి. సిమెంటు రోడ్లు వేసినప్పుడు కొన్ని ఊళ్ళల్లో అవి మట్టి కింద పోయాయి. కొన్ని ఊళ్ళల్లో గుడి మెట్టుగా మారాయి. ఒక ఊళ్ళో గేదెని కట్టేసే రాయిగా చూశాను, గేదెకి దాని చరిత్ర తెలీదు గానీ బాగానే ఆనుకుని పడుకుంది. ఎస్.కోట, వేపాడ, ఎల్.కోట, జామి, గంట్యాడ మండలాల రైతులు మీ ఊళ్ళో సంగిడి ఇంకా ఉంటే ఒక పని చెయ్యండి. ధాన్యం కాటా మీద పెట్టి బరువు చూడండి. దాన్ని ఆఖరిసారి ఎవరు ఎత్తారో, ఏ పండక్కో ఊరి పెద్దల్ని అడగండి. ఊరి పేరు, రాయి బరువు, ఆ సంగతి నాకు రాసి పంపండి. అన్నీ కలిపి సంక్రాంతి లోపల ఒక పట్టిక వేస్తాను. ఎనభై దాటిన పెద్దలు ఉన్న ఇళ్ళకి ముందు వెళ్ళండి.